కాచని కుండలో తోడు

తుమ్మముళ్ల సందుల్లోంచి కూడా ఆకు ఏరుకుని తినగలదు మేక. వేపాకు చేదు దానికి లెక్కలోది కాదు. రేగుకంప, చింతచిగురు, రాలిన మర్రాకు, ఏదైనా మేతే. అంతటి జీవం పెళ్లివారు పారబోసిన అన్నం కడుపునిండా తిన్నదంటే మాత్రం సాయంత్రానికి మేత ముట్టదు. నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పారుకుంటుంది. వేళకు వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లోనూ నూర్పిళ్ల రోజుల్లోనూ ఇలాంటి కేసులు పశువుల ఆసుపత్రులకు కొత్త కాదు.

మన కడుపులో ఇట్టే అరిగిపోయే అన్నం మేక ప్రాణం తీస్తుంది. మనకు ఎంత నమిలినా అరగని కంప దాని పొదుగులో పాలవుతుంది. ఎందుకిలా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఇంకో ప్రశ్నకూ దారి దొరుకుతుంది. పశువుల మందుల దుకాణాల్లో ఇప్పుడు ప్రోబయోటిక్ పొడులు, గుళికలు, ద్రావణాలు వరసగా కనిపిస్తున్నాయి. పాలు పెరుగుతాయని, పిల్లలు బలంగా ఎదుగుతాయని, రోగాలు దగ్గరికి రావని వాటి మీద రాసి ఉంటుంది. పాడిమేకకు వాటివల్ల నిజంగా ఒరిగేదెంత?

పీచును అరిగించేది ఎవరు?

ఆకులోనూ గడ్డిలోనూ ఉండే పీచును విడగొట్టే ఎంజైమ్ మేక శరీరంలో తయారు కాదు. మన శరీరంలోనూ కాదు. తేడా అంతా దాని నాలుగు గదుల పొట్టలో మొదటి గది దగ్గర ఉంది. రూమెన్ అనే ఈ సంచి ఎదిగిన మేకలో ఎడమ డొక్కనంతా ఆక్రమించుకుని ఉంటుంది. పది ఇరవై లీటర్లు పడుతుంది. లోపల 39 డిగ్రీల వెచ్చదనం, చీకటి, ఆక్సిజన్ దాదాపు లేని వాతావరణం. నెమరు వేసిన ప్రతిసారీ మెత్తబడిన మేతతో పాటు సోడా ఉప్పులున్న లాలాజలం కూడా వచ్చి చేరుతుంది, పులుపును విరుస్తుంటుంది.

ఈ సంచిలోని ద్రవం ఒక్క మిల్లీలీటరు తీస్తే అందులో 1000 కోట్లకు తక్కువ కాకుండా బ్యాక్టీరియా ఉంటాయి. ఇవి కాక లక్షల్లో ప్రోటోజోవా, పీచులోకి వేళ్లలా చొచ్చుకుపోయే బూజు జాతులు. ఈ బూజుల సంగతి 1975 దాకా ఎవరికీ తెలియదు. ఆక్సిజన్ లేనిదే బూజు బతకదని శాస్త్రవేత్తలంతా నమ్ముతున్న కాలమది. ఈదుతూ కనిపించే వాటి బీజకణాలను ప్రోటోజోవా కిందే జమకట్టేవారు. ఇంగ్లండ్‌లో కాలిన్ ఆర్పిన్ గొర్రె రూమెన్‌ను పరిశీలించి అవి బూజులేనని నిరూపించాక పాఠ్యపుస్తకాలు మార్చుకోవాల్సి వచ్చింది.

ఈ సమూహమంతా కలిసి పీచును తిని, తమ వ్యర్థంగా కొన్ని చిన్న ఆమ్లాలను వదులుతుంది. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు వాటిలో ముఖ్యమైనవి. మేకకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ వ్యర్థం నుంచే వస్తుంది. పాల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఎసిటిక్ ఆమ్లం పొదుగులో వెన్నగా మారుతుంది. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయానికి వెళ్లి గ్లూకోజ్ అవుతుంది, ఆ గ్లూకోజ్ పొదుగులో పాలచక్కెరగా మారుతుంది. పాలచక్కెర ఎంత తయారైతే అంత నీటిని పొదుగులోకి లాగుతుంది. కాబట్టి పూటకు ఎన్ని పాలు అన్నది చాలావరకు ప్రొపియోనిక్ ఆమ్లం చేతిలో ఉంది, వెన్న శాతం ఎసిటిక్ ఆమ్లం చేతిలో ఉంది. ఇంతటితో అయిపోలేదు. పని చేసి చేసి కిందికి కొట్టుకుపోయిన సూక్ష్మజీవులను నాలుగో గది, పేగు కలిసి జీర్ణం చేసేస్తాయి. మేకకు అందే మాంసకృత్తుల్లో పెద్ద వాటా అదే.

అన్నం లోపలికి వెళ్లాక

పీచును విడగొట్టడం నెమ్మదైన పని, గంటల తరబడి సాగుతుంది. అందుకే ఆమ్లాలు కూడా నెమ్మదిగానే పుడతాయి. పుట్టినవి పుట్టినట్టు రూమెన్ గోడలోంచి రక్తంలోకి వెళ్లిపోతాయి. ఉడికిన అన్నంలోని పిండిపదార్థానికి అంత ఓపిక అవసరం లేదు, చూస్తుండగానే చక్కెరగా మారుతుంది. మామూలు రోజుల్లో రూమెన్‌లో కొద్దిగానే ఉండే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియాకు ఇది పండగ. చక్కెర దండిగా దొరికితే అది అరగంట తిరక్కుండానే రెట్టింపు కాగలదు. అంత వేగంలో అది వదిలేది లాక్టిక్ ఆమ్లం. పెరుగులో పులుపు ఇచ్చేదే. కానీ రూమెన్‌లో మామూలుగా ఉండే ఆమ్లాలకన్నా దీని ఘాటు పది రెట్లు ఎక్కువ.

రూమెన్ పీహెచ్ సాధారణంగా 6, 7 మధ్య ఉంటుంది. అది 6 కన్నా దిగిందంటే పీచును తినే బ్యాక్టీరియా మందగిస్తాయి. 5 దగ్గరికి వచ్చేసరికి ప్రోటోజోవా చచ్చిపోతాయి. ఆ పులుపులోనూ బతకగల లాక్టోబాసిల్లస్ రంగంలోకి దిగి మరింత లాక్టిక్ ఆమ్లం పోస్తుంది. చిక్కబడిన ఆ ద్రవం రక్తంలోని నీటిని రూమెన్‌లోకి లాక్కుంటుంది. రూమెన్ గోడ పుండవుతుంది. పొట్ట నిండా నీళ్లున్న మేక ఒంట్లో నీరు లేక, రక్తంలో ఆమ్లం పెరిగి చనిపోతుంది.

పెళ్లి అన్నం ఇందులో చివరి మెట్టు. కింది మెట్లు పాడిమేకల ఫారాల్లో రోజూ ఉంటాయి. సానెన్, ఆల్పైన్ లాంటి ఎక్కువ పాలిచ్చే జాతులకు ఒట్టి ఆకు చాలదు. మొక్కజొన్న, తవుడు, చెక్క కలిపిన దాణా పెట్టాలి. ముఖ్యంగా ఈనిన తొలి వారాల్లో పాలు పెరిగినంత జోరుగా ఆకలి పెరగదు కాబట్టి రైతు ఒక్కసారిగా దాణా పెంచేస్తాడు. అప్పుడు మేక చావదు, పడుకోదు. పాలలో వెన్న తగ్గుతుంది. ఒక పూట తిని ఒక పూట వదిలేస్తుంది. గుండ్రంగా రాలాల్సిన పెంటికలు ముద్దకడతాయి. రైతు ఇది ఎండ దెబ్బనుకుంటాడు.

తోడు ఎందుకు తోడుకోదు

చెడు బ్యాక్టీరియా పెరిగింది కదా, మంచి బ్యాక్టీరియా పోస్తే సరిపోదా అనిపిస్తుంది. ప్రోబయోటిక్ ప్యాకెట్ల వెనక ఉన్న ఆలోచన ఇదే. కాచి చల్లార్చిన పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగవుతుంది. అది తోడు గొప్పతనం ఒక్కటే కాదు. కాచినప్పుడు పాలలో అంతకుముందున్న సూక్ష్మజీవులు దాదాపుగా చచ్చిపోయాయి. తోడులో వచ్చిన వాటికి తిండి బోలెడు, పోటీ లేదు. పచ్చిపాలలో అదే తోడు వేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

రూమెన్ ఎప్పుడూ కాచని కుండ. అందులో ప్రతి మెతుకుకూ ముందే ఒక హక్కుదారు ఉంది. వేల ఏళ్లుగా ఆ వేడికి, ఆ చీకటికి, ఆ మేతకు అలవాటుపడ్డ జాతులవి. లెక్క చూడండి. మోతాదుకు 500 కోట్ల జీవకణాలని ప్యాకెట్ మీద ఉంటే ఘనంగా వినిపిస్తుంది. రూమెన్ ద్రవంలో అర మిల్లీలీటరులోనే అన్ని ఉంటాయి. పైగా ఆ ద్రవం నిలవ ఉండదు, రోజులోపే చాలావరకు కిందికి జారిపోతుంటుంది. జారిపోయేంత వేగంగా సంతతిని పెంచుకోలేనిది ఏదైనా పెంటికల్లోకే చేరుతుంది.

అందువల్ల ఏ ప్రోబయోటిక్ మంచిదని అడిగేముందు అడగాల్సిన మాట ఒకటుంది: ఈ మేక కడుపులో దానికి ఖాళీ ఎక్కడుంది? ఖాళీ దొరికే సందర్భాలు నాకు తెలిసి నాలుగు. ఒక్కోదాని కథ ఒక్కో రకం.

---
పెట్టెలో: ఏది ప్రోబయోటిక్, ఏది కాదు

2001లో అర్జెంటీనాలోని కోర్దోబాలో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు కూర్చుని ఇచ్చిన నిర్వచనం సూక్ష్మంగా ఇది: సూక్ష్మజీవులు ప్రాణంతో ఉండాలి, తగినంత మోతాదులో అందాలి, తీసుకున్న జీవికి ఆరోగ్యపరంగా మేలు జరగాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది ప్రోబయోటిక్ కాదు. చచ్చిన యీస్ట్ పొడి, యీస్ట్ గోడల పొడి అమ్ముతారు. వాటికి వేరే ఉపయోగాలుండవచ్చు గానీ అవి ఈ లెక్కలోకి రావు. లోపలున్న సూక్ష్మజీవులకు తిండిగా పెట్టే పీచు పదార్థాలను ప్రీబయోటిక్స్ అంటారు.

పెరుగో మజ్జిగో పట్టిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. పాలు తాగే పిల్లకు కొద్దిగా పట్టిస్తే నష్టం లేదు. కానీ అందులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో ఇంటికో తీరు. ఇక అన్నం తిని పడిపోయిన మేకకు పుల్లమజ్జిగ పోయడమంటే ఏ ఆమ్లంతో అది అవస్థపడుతోందో దాన్నే ఇంకాస్త పోయడం.

---

నిలవకుండానే మేలు చేసే యీస్ట్

రొట్టె పిండిని పొంగించే యీస్ట్, శాకరోమైసిస్ సెరెవిసియే, ఎదిగిన పాడిమేకలకు ఎక్కువగా వాడే ప్రోబయోటిక్. చిత్రమేమిటంటే ఇది రూమెన్‌లో కాపురం పెట్టలేదు. ఆ వేడి దీనికి ఎక్కువ, ఆ పోటీకి ఇది తట్టుకోలేదు. ఒకటి రెండు రోజుల్లో కొట్టుకుపోతుంది. ఆ కొద్దిసేపట్లోనే చేసే పని వల్లే దీనికి విలువ.

మేక తిన్న ప్రతి ముద్దతో, తాగిన ప్రతి గుక్కతో కొంత గాలి లోపలికి వెళ్తుంది. పీచు తినే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ విషం. యీస్ట్‌కు అది కావాలి. లోపలికి వచ్చిన కాస్త ఆక్సిజన్‌ను కూడా అది పీల్చేస్తే పీచు తినే ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ లాంటివి నిశ్చింతగా పని చేసుకుంటాయి. అంటే రూమెన్‌లో పెద్దగా పోటీ లేని ఒక పనిని యీస్ట్ ఎంచుకుంది, దానికి దొరికిన ఖాళీ అదే. రెండో పని ఇంకా ముఖ్యమైనది. రూమెన్‌లో లాక్టిక్ ఆమ్లాన్ని తిని బతికే జాతులు కూడా ఉన్నాయి, మెగాస్ఫేరా, సెలెనోమోనాస్ అని. యీస్ట్ కణాల నుంచి వచ్చే విటమిన్లు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలు వీటిని హుషారెక్కిస్తాయి. ఇవి తినే లాక్టిక్ ఆమ్లంలో కొంత ప్రొపియోనిక్ ఆమ్లంగా మారుతుంది. అదే పాలచక్కెరకు ముడిసరుకు.

దీన్నిబట్టి యీస్ట్ ఎక్కడ పనికొస్తుందో ఊహించవచ్చు. దాణా ఎక్కువగా తింటూ, పీహెచ్ కిందా మీదా అవుతున్న మేకలో పనికొస్తుంది. 2007లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఈనిన తొలి దశలో ఉన్న పాడిమేకలకు యీస్ట్ పెడితే పాలు పెరిగాయి, పెంటికల్లో ఈ.కోలి బ్యాక్టీరియా తగ్గింది. వేరే దేశాల్లో జరిగిన మరికొన్ని ప్రయోగాల్లో యీస్ట్ పెట్టినవాటికీ పెట్టనివాటికీ పాలలో తేడా రాలేదు. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే ఫలితాలని నేననుకోను. మేత బాగుండి, రూమెన్ నెమ్మదిగా ఉన్న మేకలో యీస్ట్‌కు చేయడానికి పనే లేదు. రోజంతా చెట్టూ పుట్టా తిరిగి ఆకు మేసి అర లీటరు పాలిచ్చే నాటుమేక ఈ రకమే. దానికి యీస్ట్ పెట్టడం వృథా ఖర్చు.

ఒకటి మాత్రం మరిచిపోకూడదు. నిలవనిది కాబట్టి యీస్ట్‌ను రోజూ పెట్టాలి. నెలకు నాలుగు రోజులు గుర్తొచ్చినప్పుడు పెడితే ఆ నాలుగు రోజులకే లెక్క.

పుట్టిన పిల్ల: నిజంగా ఖాళీ కుండ

మేకపిల్ల పుట్టేసరికి దాని రూమెన్ పేరుకు మాత్రమే ఉంటుంది. పాలు తాగేటప్పుడు గొంతు కింద ఒక గాడి మూసుకుని గొట్టంలా మారుతుంది. పాలు మొదటి మూడు గదులను తప్పించుకుని నేరుగా నాలుగో గదిలో పడతాయి. పేగులో సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడలేదు. కాచి చల్లార్చిన పాలకు దగ్గరగా వచ్చే స్థితి మేక జీవితంలో ఇదొక్కటే.

ఇక్కడ ఏది ముందు చేరితే దానిది పైచేయి. మురికి దొడ్డిలో ఈ.కోలి ముందు చేరితే పారుడు పట్టుకుంటుంది. పాలలో కలిపి లాక్టోబాసిల్లస్ పట్టిస్తే అది పాలచక్కెరను పులియబెట్టి పేగులో పులుపు పెంచుతుంది, పేగు గోడ మీద చోటు ఆక్రమిస్తుంది. ఈ.కోలికి ఆ రెండూ ఇబ్బందే. ఎదిగిన మేక రూమెన్‌లో దోషి అనిపించుకున్న లాక్టిక్ ఆమ్లమే పిల్ల పేగులో కావలిదారు అవుతుందన్నమాట. అయితే పారుళ్లన్నిటికీ ఇది మందు కాదు. క్రిప్టోస్పోరిడియం, మూడు వారాలు దాటాక వచ్చే కాక్సీడియా పరాన్నజీవులు, రోటా వైరస్ వేరే దారిలో వస్తాయి, వాటికి వేరే వైద్యం కావాలి.

జున్నుపాల స్థానాన్ని ఏ ప్యాకెట్టూ భర్తీ చేయలేదు. తల్లి గర్భంలో ఉండగా రోగనిరోధక ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు, మేక మాయ నిర్మాణం అలాంటిది. పుట్టిన కొద్ది గంటల్లో తాగిన జున్నుపాల నుంచే అవి అందాలి. ఒక రోజు గడిస్తే పేగు వాటిని లోపలికి రానివ్వదు.

స్పెయిన్‌లోని గ్రనాడాలో ఈ ఖాళీని మరోలా వాడుకుని చూశారు. పాలు అమ్ముకునే ఫారాల్లో పుట్టగానే పిల్లను తల్లినుంచి వేరు చేసి డబ్బాపాలతో పెంచుతారు. తల్లి మూతి నాకదు, నెమరు వేసిన మేత వాసన తగలదు. అలాంటి పిల్లల రూమెన్‌లో ప్రోటోజోవా చేరనే చేరవు. పరిశోధకులు పెద్ద మేకల రూమెన్ ద్రవాన్ని తీసి ఈ పిల్లలకు పట్టించారు. రూమెన్ త్వరగా స్థిరపడింది, పాలు మాన్పించే దశ సాఫీగా గడిచింది. మన ఊళ్లలో పిల్ల తల్లి వెంటే తిరుగుతుంది కాబట్టి ఈ పని తల్లే చేసేస్తుంది.

రోగం వచ్చి కోలుకుంటున్న మేకది మూడో సందర్భం. అన్నం తిని రూమెన్ పులిసిపోయినప్పుడు, నోటిద్వారా యాంటీబయోటిక్ ఎక్కువ రోజులు వాడినప్పుడు లోపలి సమూహం చాలావరకు నశిస్తుంది. అలాంటప్పుడు కబేళా నుంచి తెచ్చిన ఆరోగ్యవంతమైన జీవి రూమెన్ ద్రవాన్ని వడగట్టి, వెచ్చగా ఉండగానే గొట్టం ద్వారా పోయడం పశువైద్యుల పాత పద్ధతి. ముందు పులుపు విరిచాకే పోస్తారు. దుకాణంలో దొరికే రెండు మూడు జాతుల పొడికన్నా వందల జాతులున్న ఆ ద్రవమే నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

సుబాబుల్ కథ

నాలుగోది అన్నిటికన్నా ఆసక్తికరమైనది. ఇది మేకలతోనే మొదలైంది.

సుబాబుల్ మనకు తెలిసిన చెట్టే. ఉమ్మడి ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం వేల ఎకరాల్లో వేశారు. మాంసకృత్తులు మెండుగా ఉన్న ఆకు, మేకలకు ప్రాణం. కానీ అదొక్కటే మేపితే వెంట్రుకలు రాలతాయని, మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దని పశువైద్యులు చెబుతుంటారు. ఆకులో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. వెంట్రుకలు రాల్చేది అదే. రూమెన్‌లో అది విరిగి డీహెచ్‌పీ అనే మరో విషంగా మారుతుంది. అది థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంది. గొంతు దగ్గర వాపు, చొంగ, బరువు తగ్గిపోవడం దాని లక్షణాలు.

ఆస్ట్రేలియాలో పశువులు ఈ ఆకు తిని జబ్బుపడుతుండగా, హవాయి దీవుల్లో మేకలు ముఖ్యంగా దాన్నే తింటూ నిక్షేపంగా ఉండేవి. మొక్క అదే, జీవి అదే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌కు ఇది పట్టింది. తేడా మేకలో కాదు, దాని రూమెన్‌లో ఉన్నదేదో ఆ విషాన్ని తినేస్తోందని ఆయన 1981లో ప్రతిపాదించారు. తర్వాత హవాయి మేకల రూమెన్ సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా తెచ్చి అక్కడి పశువులకు పోశారు. అవి సుబాబుల్ తిని తట్టుకున్నాయి. ఆ పశువులతో కలిసి మేసిన మిగతావాటికీ ఆ శక్తి పాకింది. అమెరికాలో మిల్టన్ ఆలిసన్ బృందం ఆ బ్యాక్టీరియాను వేరుచేసి 1992లో జోన్స్ పేరు కలిసేలా సినర్జిస్టెస్ జోన్సీ అని నామకరణం చేసింది.

యీస్ట్ నిలవలేని చోట ఇది ఎలా నిలిచింది? దీని ఆహారం చూస్తే తెలుస్తుంది. ఇది చక్కెరలు ముట్టదు, పీచు ముట్టదు. డీహెచ్‌పీని, రెండు రకాల అమైనో ఆమ్లాలను తిని బతుకుతుంది. రూమెన్‌లో వేల జాతులు దేనికోసం కొట్టుకుంటున్నాయో దాని జోలికి ఇది పోలేదు, ఎవరికీ అక్కర్లేని విషాన్ని తన కంచంలో వేసుకుంది. సుబాబుల్ పెట్టడం ఆపేసి నెలలు గడిస్తే ఇదీ తగ్గిపోతుంది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఈ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని పెంచి, గడ్డకట్టించి పశుపోషకులకు అమ్ముతూ వస్తోంది.

కథ ఇంత శుభ్రంగా ముగియలేదని కూడా చెప్పాలి. తర్వాతి పరిశోధనల్లో ఈ బ్యాక్టీరియా కొద్ది సంఖ్యలో చాలా దేశాల పశువుల్లో, బయటినుంచి పోయకుండానే కనిపించింది. అలవాటుపడిన పశువు కాలేయం కూడా డీహెచ్‌పీని వేరే పదార్థంతో జతచేసి మూత్రంలో పంపేస్తుందని తేలింది. రక్షణలో బ్యాక్టీరియా వాటా ఎంత, కాలేయం వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తోంది. అయినా ఒక మంద నుంచి ఇంకో మందకు సూక్ష్మజీవిని మార్చి మేత విషాన్ని జయించిన ఉదాహరణ ఇంత స్పష్టంగా మరొకటి లేదు.

---
పెట్టెలో: ప్యాకెట్ కొనేముందు

జాతి పేరు ఒక్కటే చాలదు, దాని పక్కన అంకెలతో ఉండే ఉపరకం గుర్తు కూడా ఉండాలి. ఒకే జాతిలో ఒక ఉపరకం పనిచేస్తే ఇంకోటి చేయకపోవచ్చు. గడువు తేదీ నాటికి ఎన్ని జీవకణాలు బతికి ఉంటాయో రాసినది మేలు. తయారైన రోజు లెక్క మనకు అక్కర్లేదు. యీస్ట్, లాక్టోబాసిల్లస్ వేడికి చస్తాయి. మే నెలలో రేకుల షెడ్డులో నెల రోజులు ఉన్న ప్యాకెట్‌లో మిగిలేది పిండి. వేడి ఆవిరితో గుళికలు కట్టే దాణాలోనూ అంతే. బాసిల్లస్ జాతులు గట్టి పెంకున్న బీజాలుగా మారగలవు కాబట్టి ఆ వేడిని తట్టుకుంటాయి.

---

మన దొడ్డిలో

తెలుగు రాష్ట్రాల్లో మేకను ఎక్కువగా మాంసానికే పెంచుతారు. పాల కోసమే సానెన్, బీటల్, జమునాపారి పెట్టి దాణా మేపుతున్నవారు కొద్దిమంది. వారికి ఈనడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి పాలు నిలకడపడేదాకా యీస్ట్ వాడటంలో అర్థం ఉంది. దాణాను ఒక్కసారిగా కాక రోజుకు కొంచెంగా పెంచడం, ముందు చొప్పో ఎండుగడ్డో తిననిచ్చి తర్వాత దాణా పెట్టడం వల్ల కూడా అదే మేలు జరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. చిటుకు రోగం టీకా, నట్టల మందు యథావిధిగా నడవాలి. ప్రోబయోటిక్ వాటికి బదులు కాదు.

పెట్టి చూడదలుచుకుంటే ఒకే సమయంలో ఈనిన మేకలను రెండు గుంపులు చేసి ఒక గుంపుకే పెట్టాలి. మేత రెంటికీ ఒకటే ఉండాలి. మూడు నాలుగు వారాలు ఏ మేక పాలు ఆ మేకవిగా కొలిచి రాసుకోవాలి, వీలైతే పాలకేంద్రంలో వెన్న శాతం చూపించుకోవాలి. మంద మొత్తానికి ఒకేసారి మొదలుపెడితే, ఆ వారం కురిసిన వానకు మొలిచిన పచ్చిక వల్ల పెరిగిన పాలు కూడా ప్యాకెట్ ఖాతాలోకే వెళ్తాయి.